అల్పపీడనం పట్టింది సరే, గాలి ఎటు నుంచి?

మే నెలాఖరున ఒంగోలు టీకొట్ల దగ్గర ఏటా వినిపించే మాట ఒకటుంది. "బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంట, ఇంక ఎండ తగ్గుద్ది." టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాలు కూడా కోస్తాకు చల్లని కబురంటూ దానికి వంత పాడతాయి. తీరా చూస్తే మర్నాటి నుంచి మూడు రోజులు 43, 44 డిగ్రీలు. మధ్యాహ్నం మూడైనా తూర్పు గాలి తిరగదు. ఇక వాతావరణ శాఖ మీద జోకులు మొదలవుతాయి.

శాఖ అబద్ధం చెప్పలేదు. అల్పపీడనం నిజంగానే పట్టింది. కాకపోతే అది పట్టింది ఒడిశా, బెంగాల్‌కి ఎదురుగా, ఉత్తర బంగాళాఖాతంలో. అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దానికి నైరుతి మూలన ఉన్న మనకు ఆ తిరుగుడులో దక్కేది పడమర, వాయవ్యాల నుంచి వచ్చే గాలి. రాజస్థాన్ ఎడారి వైపు నుంచి మధ్యభారతం, తెలంగాణ మీదుగా ఎండుకుంటూ వచ్చి, నల్లమల, వెలిగొండలు దిగి మన మీద పడే గాలి అది. వాన వాళ్ళకి, వడ మనకి. 2010 మేలో లైలా తుపాను లాగా బాపట్ల దగ్గరే తీరం దాటితే తప్ప, మే తుపాను పేరు విని ఒంగోలు, నెల్లూరు వాళ్ళు సంబరపడాల్సింది ఏమీ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేసవి చివరి అంచనా చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత అంకె కాదు. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎన్ని గంటలకు తిరుగుతుంది అన్నవి చూడాలి. ఆ రెండూ తెలిస్తే అంకె చాలావరకు మనమే ఊహించుకోవచ్చు. అవి చెప్పకుండా జిల్లా మొత్తానికి "గరిష్ఠం 42" అని ఒక అంకె ఇస్తే తీరాన కొత్తపట్నం వాడికీ పనికిరాదు, లోపల మెట్టలో మార్కాపురం వాడికీ పనికిరాదు. (జిల్లా అంటే పాత జిల్లాలే అనుకోండి. 2022లో గీతలు మారాయి గానీ గాలి ఇంకా పాత దారినే వస్తోంది.)

గాలి తిరిగే గంట

మామూలు మే రోజున ఒంగోలులో సముద్రపు గాలి పదకొండుకో, పన్నెండున్నరకో లోపలికి వస్తుంది. సముద్రం పదిహేను కిలోమీటర్లే. అది వచ్చిందంటే ఆ రోజు ఎండకు అక్కడితో కళ్ళెం పడ్డట్టే. గరిష్ఠం 37, 38 దగ్గర ఆగిపోతుంది. అదే ఎండ, అదే నేల, కాకపోతే పైన కిలోమీటరున్నర ఎత్తులో పడమటి గాలి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే నిలబడిపోతుంది. మధ్యాహ్నం మూడుదాకా లోపలికి రాలేదు, కొన్ని రోజులైతే అసలే రాదు. ఆలస్యమైన ప్రతి గంటకూ డిగ్రీన్నర, రెండు డిగ్రీలు పెరుగుతూ పోతాయి. 38కీ 43కీ మధ్య ఉన్న తేడా అంతా ఆ రెండు మూడు గంటలదే.

దగ్గర్నుంచి చూస్తే ఇది చాలా స్పష్టంగా తెలుస్తుంది. పడమటి గాలి రోజున పొద్దున తొమ్మిదికే రోడ్డు మీద దుమ్ము తూర్పుకు పాకుతుంటుంది. పెదవులు చిట్లుతాయి. ఆరేసిన లుంగీ ఇరవై నిమిషాల్లో అప్పడంలా అవుతుంది. చెమట పట్టినట్టే తెలియదు, ఎందుకంటే పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. రెండున్నరకో మూడుకో ఒకటి రెండు నిమిషాలు గాలి పూర్తిగా ఆగిపోతుంది, వేపాకు కూడా కదలదు. తర్వాత సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ రెండో పక్కకు ఉబ్బుతుంది. పావుగంటలో నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది, చొక్కా వీపుకు అతుక్కుంటుంది. అప్పటిదాకా మాడ్చిన ఎండ పోయి ఉక్క మొదలైంది. జనం దాన్ని "చల్లబడింది" అంటారు. థర్మామీటరు కూడా అలాగే అంటుంది. ఒళ్ళు మాత్రం ఒప్పుకోదు. ఆ సంగతి తర్వాత.

పడమటి గాలికి కొండలు దిగడం అదనపు బలం. ఎండిన గాలి కిందకు దిగేకొద్దీ నొక్కుకుపోయి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ఐదారువందల మీటర్ల ఎత్తు నుంచి తీరానికి దిగితే ఎండ ప్రమేయం లేకుండానే ఐదారు డిగ్రీలు.

కేరళను రుతుపవనాలు తాకాయన్న వార్త మనల్ని మోసం చేసేది కూడా ఇందుకే. జూన్ మొదట్లో రుతుపవనాలు బలంగా ఉంటే ద్వీపకల్పం మీద పడమటి గాలులూ బలంగా ఉంటాయి. ఆ గాలి తన తడంతా పశ్చిమ కనుమల అవతలే దింపేసి వస్తుంది. మెట్టలో మార్కాపురం, గిద్దలూరు మీద మబ్బు కమ్మి 38 దగ్గర ఉంటే, అదే రోజు కావలి, ఒంగోలు, నెల్లూరు 42, 43తో రాష్ట్రం జాబితాలో పైన కూర్చుంటాయి. మేలో మెట్ట మాడితే జూన్‌లో తీరం మాడుతుంది. తీరానికి జూన్ సెలవు ఇచ్చినట్టు మాట్లాడే అంచనాలు నాకు అందుకే మింగుడుపడవు. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నారు, ఒప్పుకుంటాను. "మృగశిర కురిస్తే ముంగిళ్ళు చల్లబడును" అన్న సామెత మాత్రం ఎక్కడ పుట్టిందో గానీ కావలి ముంగిట్లో పుట్టి ఉండదు.

అంకె వెనక నిబంధనలు

వడగాలి అని అధికారికంగా అనడానికి కొలతలున్నాయి. మైదానంలో గరిష్ఠం కనీసం 40 ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 6.4 దాటి ఎక్కువైతే తీవ్ర వడగాలి. లేదా సాధారణంతో పనిలేకుండా 45కి వడగాలి, 47కి తీవ్రం. తీరప్రాంత కేంద్రాలకు కొంచెం సడలింపు ఇచ్చారు: 37 ఉండి, సాధారణం కన్నా 4.5 ఎక్కువైతే చాలు. వినడానికి దయగానే ఉంది. కానీ నెల్లూరు, ఒంగోలుల్లో మే చివరి వారపు సాధారణ గరిష్ఠమే 39, 40 దగ్గర ఉంటుంది. దానికి 4.5 కలిపితే 44 పైమాట. అంటే ఆ 37 సడలింపు మనకు కాగితం మీదే. 43 డిగ్రీల రోజు మన లెక్కలో "వేడి ఎక్కువగా ఉంది" అయి ఊరుకుంటుంది. పైగా ఒక ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఉంటే, రెండో రోజు ప్రకటిస్తారు. ఉపవిభాగం అంటే మనకు కోస్తాంధ్ర, యానాం. శ్రీకాకుళం నుంచి తడ దాకా ఒకటే. అందులోనే ఉదయగిరి, కనిగిరి, యర్రగొండపాలెం. వీటికి ఇచ్ఛాపురంతో కన్నా కడపతోనే చుట్టరికం ఎక్కువ, ఎండ విషయంలో మరీను.

రాత్రుల సంగతి ఇంకా అన్యాయం. వెచ్చని రాత్రి అని ప్రకటించాలంటే ఆ రోజు పగలు గరిష్ఠం 40కి తగ్గకూడదు, కనిష్ఠం సాధారణం కన్నా 4.5 ఎక్కువ ఉండాలి. తీరంలో పగలు 38, రాత్రి 31తో తెల్లవార్లూ మంచం మీద దొర్లిన రోజు ఆ లెక్కలోకే రాదు. అలాంటి రోజులకు బులెటిన్‌లో వాడే మాట "వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం". అసౌకర్యమట. బస్సులో సీటు దొరక్కపోతే అసౌకర్యం. రేకుల ఇంట్లో మూడు రాత్రులు నిద్రలేని ముసలామె గుండెకు అది అసౌకర్యం కాదు.

ఇక్కడ నిజం కూడా చెప్పాలి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు మండలాలవారీగా జాబితా ఇస్తోంది. రేపు ఏ మండలాల్లో తీవ్ర వడగాలి, ఏ మండలాల్లో వడగాలి అని పేర్లతో చెప్తోంది. జిల్లా అంకె కన్నా ఇది చాలా మేలు. 2003లో, 2015లో వడదెబ్బకు జనం రాలిపోయిన మే నెలల్లో ఇంత వివరం చేతికందేది కాదు. 2015లో మన రాష్ట్రంలోనే వెయ్యికి పైగా పోయారు. అయితే పేపర్లు ఆ జాబితాలోంచి "ఇన్ని మండలాల్లో" అన్న మొత్తం తీసి హెడ్డింగు పెడతాయి, ఊళ్ళ పేర్లు మింగేస్తాయి. జనానికి కావాల్సింది ఆ మింగేసిన భాగమే.

కూలర్ చెప్పే లెక్క

మార్కాపురంలో 43 డిగ్రీలు, గాలిలో తేమ 18 శాతం. కొత్తపట్నంలో 35 డిగ్రీలు, తేమ 70 శాతం. రెండూ ఒకే సాయంత్రం ఉండగలిగిన లెక్కలే. ఏది ఎక్కువ కష్టం?

తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, అంటే తడి బల్బు ఉష్ణోగ్రత, మార్కాపురంలో దాదాపు 24 చూపిస్తుంది. కొత్తపట్నంలో 30. ఒంటి మీద చెమట ఆరి ఎంత చల్లబడగలదో దానికి ఇది హద్దు. ఎడారి కూలర్‌కీ ఇదే హద్దు. మంచి ప్యాడ్‌లున్న కూలర్ పొడి, తడి ఉష్ణోగ్రతల తేడాలో ముప్పాతిక వంతు దించుతుంది. మార్కాపురంలో తేడా 19, ముప్పాతిక అంటే 14. కూలర్ నుంచి 29 డిగ్రీల గాలి వస్తుంది, స్వర్గం. కొత్తపట్నంలో తేడా 5 కూడా లేదు. 35 నుంచి 31, 32కి దిగుతుంది, దాంతోపాటు గదిలో తేమ 90 దాటుతుంది. ఒంగోలులో సాయంత్రం ఐదు తర్వాత కూలర్ వేసి, చల్లదనం పోతుందని కిటికీలు మూసేవాళ్ళు కొని తెచ్చుకునేది ఈ ఉక్కనే. పడమటి గాలి ఉన్నంతసేపే కూలర్. తూర్పు తిరిగిందంటే నీళ్ళ మోటరు ఆపేసి, ఉత్త ఫ్యానుగా వాడుకుని, కిటికీలు బార్లా తెరవాలి. కనిగిరి, పొదిలి బోరునీళ్ళతో ఇంకో చిక్కుంది. నీళ్ళు ఆవిరవుతాయి, లవణాలు ఉండిపోతాయి. పదిరోజులకు ప్యాడ్ సున్నం కొట్టినట్టు గట్టిపడి గాలి ఆడదు. వారానికి రెండుసార్లు తొట్టి పూర్తిగా ఒంపేసి కొత్త నీళ్ళు పోయాలి, పైన పోసుకుంటూ పోతే కాదు.

ఇంతవరకు చెప్పాక, తడి బల్బే అసలు అంకె, మిగతాదంతా దండగ అని ముగిస్తే సుఖంగా ఉండేది. అలా కుదరదు. 35 డిగ్రీల తడి బల్బు మనిషి తట్టుకోగల హద్దని చాలాకాలం అన్నారు. ప్రయోగశాలలో ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని పెట్టి చూస్తే ఉక్క వాతావరణంలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది. బాగా వేడిగా, పొడిగా ఉన్న వాతావరణంలోనైతే ఇంకా ముందే, 25 నుంచి 28 మధ్యనే. ఎందుకంటే మనిషి చెమట పట్టే వేగానికీ ఓ పరిమితి ఉంది. 43 డిగ్రీల గాలి ఒంట్లోకి వేడిని తోస్తుంటే, ఉన్న చెమటంతా ఆరినా చాలదు. 40 దాటాక ఫ్యాను కూడా పొయ్యి ఊదినట్టే, ఒళ్ళు తడుపుకుంటే తప్ప. కాబట్టి మార్కాపురంలో 24 చూసి ధీమా పడకూడదు. మెట్టకు మామూలు థర్మామీటరు నిజం చెప్తుంది, తీరానికి తడి థర్మామీటరు నిజం చెప్తుంది. ఒకే అంకెతో రెండు చోట్లా గడవాలనుకోవడమే మన తప్పు.

ఉపాధి పనివేళలు దీనికి మంచి ఉదాహరణ. పొద్దున ఆరు నుంచి పది లోపు పని ముగించమన్న సలహా మెట్టకు అతికినట్టు సరిపోతుంది. అక్కడ తెల్లవారుజాము నిజంగా చల్లగా ఉంటుంది. తీరంలో, తూర్పు గాలి వారంలో, పొద్దున ఆరింటికే తేమ 85 శాతం, తడి బల్బు 28. పదింటికి కూడా దాదాపు అంతే. వేళ మార్చి లాభం తక్కువ. అక్కడ మార్చాల్సింది పని వేగం: అరగంట పని, పది నిమిషాలు నీడ, గాలి తగిలే చోట.

ఒకడికి వడ, ఇంకొకడికి పంట

పడమటి గాలిని అందరూ తిట్టరు. ఇసకపల్లి, కనుపర్తి వైపు ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళకు ఇది దేవుడిచ్చిన గాలి. సముద్రపు నీరు 3 డిగ్రీల బామె (ఉప్పునీటి చిక్కదనం కొలత) దగ్గర మొదలవుతుంది. మడి నుంచి మడికి మారుతూ 25 దగ్గరికి వచ్చాకే ఉప్పు గింజ కట్టడం మొదలెడుతుంది. 29 దాటనిస్తే మెగ్నీషియం చేరి ఉప్పు చేదెక్కుతుంది, ఆ లోపలే మిగులు నీటిని వదిలేయాలి. ఉక్క వారంలో పదిరోజులు పట్టే పని పొడిగాలిలో ఐదారు రోజుల్లో అవుతుంది. అలా 25కి తెచ్చిన, ఐదు సెంటీమీటర్ల లోతున్న మడిలో 20 మిల్లీమీటర్ల వాన పడితే నీరు 19కి దిగిపోతుంది, అప్పటికే కట్టిన ఉప్పు కరుగుతుంది. ఆ ఒక్క జల్లుతో వారం పని వెనక్కి. కాబట్టి ఉప్పు రైతుకు అంచనాలో కావాల్సిన ముక్క "గరిష్ఠం ఎంత" కాదు, "సాయంత్రం ఉరుముల మబ్బు మెట్ట దాటి తీరానికి వస్తుందా" అన్నది.

రొయ్యల చెరువుల్లో లెక్క వేరు. మే చివర రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే, నాలుగడుగుల (120 సెంటీమీటర్ల) చెరువులో కొత్త నీరు పెట్టకుండా నెలకు 24 సెంటీమీటర్లు తగ్గుతుంది. 30 ఉన్న సెలినిటీ, అంటే నీటి ఉప్పదనం, 37.5కి చేరుతుంది. వనామి రకం రొయ్య దాన్ని తట్టుకుంటుంది గానీ పెరుగుదల మందగిస్తుంది, గుల్ల విడవడం ఆలస్యమవుతుంది. ఉప్పు పెరిగినా, వేడి పెరిగినా నీటిలో ఆక్సిజన్ పట్టే చోటు తగ్గుతుంది. అయితే పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో అలలు కదిలి చెరువు కొంత తనకు తానే ఊపిరి తీసుకుంటుంది. ప్రమాదమంతా గాలి పడిపోయి, మబ్బు పట్టి, ఉక్కపోసే సాయంత్రానిది. పగలు ఎండ లేక పాచి ఆక్సిజన్ ఇవ్వదు, రాత్రి అదే పాచి ఆక్సిజన్ తాగుతుంది. తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య ఆక్సిజన్ 4 పీపీఎం కిందికి జారుతుంది, రొయ్య గట్టు పక్కకు, పైకి తేలుతుంది. అలాంటి రోజు సాయంత్రం మేత మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించి, ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) రాత్రి పది నుంచే వేయాలి. మొదటి వానకు కూడా అంతే. మంచినీరు తేలిక, పైన పొరలా నిలుస్తుంది. కింద ఉప్పునీటికి గాలి అందదు. వాన పడ్డాక పరుగెత్తడం కాదు, పడకముందే ఏరేటర్లు తిరుగుతుండాలి, పైపొర నీరు తూములోంచి పోతుండాలి. కరెంటు పోయేది సరిగ్గా అప్పుడే కాబట్టి జనరేటరులో డీజిల్ పొద్దున్నే చూసుకోవాలి.

ఉలవపాడు మామిడి తోటలవాళ్ళకు ఎండతో పేచీ లేదు. ఈదురుగాలితోనే. ఒక్క సాయంత్రం 50 కిలోమీటర్ల గాలి కొడితే బంగినపల్లి కాయ నేల మీద ఉంటుంది, ధర కూడా నేల మీదే.

ఎల్‌నినో మాట, విత్తనం మాట

నెలల ముందే వచ్చే సీజను అంచనాలు ఇంకో రకం తలనొప్పి. "సాధారణం కన్నా ఎక్కువ వేడికి అవకాశం" అంటే అది సంభావ్యత. ఎక్కువ, సాధారణం, తక్కువ అన్న మూడు పెట్టెల్లో ఏ పెట్టె బరువుగా ఉందో చెప్పడం, అంతే. ఫలానా ఊళ్ళో ఫలానా వారం గురించి అది ఏమీ చెప్పదు. ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కడం) అనగానే కరువు అని మనవాళ్ళు నిర్ణయించేస్తారు. 2015ను గుర్తుచేసుకోండి. బలమైన ఎల్‌నినో ఏడాది. మేలో ఎండకు జనం పోయారు. అదే ఏడాది నవంబరులో నెల్లూరు జిల్లా వరదల్లో మునిగింది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. ఎల్‌నినో ఉన్న ఏళ్ళలో అవి తరచూ బలపడతాయి. దేశానికి కరువు కబురు మనకు అక్టోబరులో గొడుగు కబురు కావచ్చు. పడమటి ప్రకాశానికి మాత్రం నైరుతి వానా ముఖ్యమే, కాబట్టి వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. ఒకే అంచనాను పొదలకూరు నిమ్మతోటలో ఒకలాగా, దోర్నాల కంది చేలో ఇంకోలాగా చదవాలి.

మెట్ట రైతుకు జూన్‌లో వచ్చే ఉరుముల వానలు చేసే ద్రోహం తెలిసిందే. ఒక సాయంత్రం 25 మిల్లీమీటర్లు పడి మట్టి వాసన వస్తుంది, పక్కవాడు గొర్రు కడతాడు, మనకు కాలు నిలవదు. ఆ తర్వాత పన్నెండు రోజులు పడమటి గాలి. ఎర్రనేలలో పైన రెండంగుళాల తడి అంటే ఆ గాలికి మూడు రోజుల మేత. మొలక మాడిపోతుంది, విత్తనం డబ్బు రెండోసారి. వారం లోపల మొత్తం 60, 70 మిల్లీమీటర్లు పడి, జానెడు లోతు మట్టి పిడికిట్లో ముద్ద కట్టేదాకా ఆగాలి. కందికి జూలై ఉంది. తొందర పడాల్సిన పంట కాదది.

మరి దేన్ని చూడాలి

గాలి పటాలు ఇప్పుడు ఫోనులోనే ఉన్నాయి. 850 హెచ్‌పీఏ అన్న ఎత్తు, అంటే సుమారు కిలోమీటరున్నర, ఎంచుకుని రేపు పొద్దున పదకొండున్నర దగ్గర ఆపండి. మన తీరం మీద పడమర, వాయవ్యాల నుంచి 35 కిలోమీటర్లు దాటి చూపిస్తుంటే సముద్రపు గాలి ఆలస్యమే. 20 లోపుంటే పన్నెండుకు తిరుగుతుంది. ఇది శాస్త్రనియమం కాదు, వాడుక లెక్క. తర్వాత డ్యూ పాయింట్ (గాలిలో తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. పొద్దున పదకొండుకు 20 కింద ఉంటే ఆ రోజు ఎండరోజు, 26 దాటి ఉంటే ఉక్కరోజు. మూడోది, ఉత్తర బంగాళాఖాతంలో ఏదైనా సుడి ఉందా. ఈ మూడింటికి రెండు నిమిషాలు చాలు. ఉరుముల మబ్బులకు శ్రీహరికోట రాడార్ బొమ్మ, పిడుగులకు దామిని యాప్.

దీనికి ఎదురుమాట ఉంది, చిన్నదేం కాదు. గాలి తిరిగే గంట చెప్పడం అంకె చెప్పడం కన్నా కష్టం. 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే కంప్యూటర్ నమూనా నేలను విడగొట్టే గళ్ళు 6 కిలోమీటర్లవి. ఒంగోలుకీ సముద్రానికీ మధ్య అలాంటి గళ్ళు రెండో మూడో. పడమటి గాలి వేగం ఐదారు కిలోమీటర్లు అటూఇటూ అయితే పన్నెండుకు రావాల్సింది రెండింటికి వస్తుంది. గంట చెప్పి తప్పితే జనం ఊరుకోరని శాఖ భయం. నిజమే. అయితే "పడమటి గాలి బలంగా ఉంది, సముద్రపు గాలి మధ్యాహ్నం రెండు తర్వాతే రావచ్చు" అన్న ఒక్క వాక్యం తప్పినా, జిల్లా మొత్తానికి 42 అన్న అంకె కన్నా తక్కువే తప్పుతుంది. సామాన్యుడికి అర్థం కాదన్న వాదన మాత్రం నాకు నచ్చదు. చేపల వేటకెళ్ళేవాళ్ళు, ఉప్పు రైతులు, ధాన్యం తూర్పారపట్టినవాళ్ళు గాలి దిక్కుతోనే బతికారు. అర్థం కానిది వాళ్ళకు కాదు.

తడి బల్బు ఇంట్లో కొలుచుకోవాలనుకుంటే రెండు మామూలు గాజు థర్మామీటర్లు చాలు. పక్కపక్కన కట్టి, ఒకదాని బల్బుకు ఉతికిన పల్చటి నూలుగుడ్డ ఒకే పొర చుట్టి, కొస నీళ్ళ సీసాలో వేలాడేయాలి. నీడలో, గోడకు దూరంగా పెట్టాలి. చదివే ముందు ఐదు నిమిషాలు ఫ్యాను గాలి తగలనివ్వాలి. గాలి తగలకపోతే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. బోరునీళ్ళు పోస్తే పదిరోజులకు గుడ్డ ఉప్పుపట్టి తడి పీల్చదు, మళ్ళీ ఎక్కువే చూపిస్తుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. చేపలు, రొయ్యల షెడ్లలో కొత్త రకం డిజిటల్ మీటర్లు కనిపిస్తున్నాయి గానీ ఉప్పుగాలికి వాటి సెన్సార్లు ఏడాదిలో మొద్దుబారతాయి. తడిగుడ్డతో సరిచూసుకోవడం మానొద్దు. తీరంలో అది 28 దాటితే ఎండలో బరువు పని తగ్గించాలి, 30 అయితే ఆపాలి.

ఇక ఆగస్టు. వేసవి పోయిందనుకుంటాం గానీ ఎడగారు వరి కోతలప్పుడు నెల్లూరు ఎండ చూసినవాళ్ళు అలా అనరు. అప్పుడు కూడా దేశం వార్త మనకు తిరగబడుతుంది. రుతుపవన ద్రోణి (అల్పపీడనపు పొడుగాటి పట్టీ) హిమాలయాల పాదాలకు జరిగిపోయి, మధ్యభారతంలో వాన ఆగిందనీ "రుతుపవనాలకు విరామం" అనీ పేపర్లో వస్తుంది. అది చదివి ధాన్యం తారురోడ్డు మీద ఆరబోస్తారు, 17 శాతం తేమకు దించాలి కదా. ఆ విరామంలోనే మన మూలన రాత్రి ఉరుములు పెరుగుతాయి. సాయంత్రం నాలుగింటికి వెలిగొండల మీద తెల్లటి మబ్బు కాలీఫ్లవర్‌లా లేచిందంటే, అది ఆత్మకూరు దాటి, రాత్రి తొమ్మిది, పదకొండు మధ్య నెల్లూరు పల్లం మీదికి వస్తుంది. పట్టా ఏడింటికే కప్పాలి. గాలి వచ్చేది పడమటి నుంచి కాబట్టి ముందు ఆ పక్క అంచు మీద ఇటుకలు పెట్టాలి.